యుద్ధం మొదలైన దేశంలో మన పిల్లలుంటే: సరిహద్దు దాకా చేరేదెలా?

నల్లకుంట_పద్మ:
అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల ద్వారా ఏటా ఎందరో పిల్లలు మెడిసిన్‌కని బయటి దేశాలకు వెళ్తున్నారు. అక్కడ యుద్ధం మొదలైతే ఇంట్లోవాళ్లకు టీవీ ముందు కూర్చోవడం, ఫోన్ మీద ఫోన్ చేయడం తప్ప ఏం తోచదు. పిల్లలు అక్కడ ఏం చేయాలి, మనం ఇక్కడ ఏం చేయాలి? తెలిసినవాళ్లు ఊర్ల పేర్లతో, లెక్కలతో రాయండి.

పటం_చూసేవాడు:
పద్మ గారూ, మనవాళ్లను తెచ్చే విమానం చాలాసార్లు బాంబులు పడే ఊరికి రాదు, పక్క దేశానికి వస్తుంది. అక్కడిదాకా చేరడం పిల్లల పనే. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ గగనతలం మూసేస్తే, కీవ్‌కు బయల్దేరిన ఎయిరిండియా విమానం దారిలోంచే వెనక్కి తిరిగింది. మనవాళ్లను తెచ్చిన ఆపరేషన్ గంగా విమానాలు రొమేనియా, హంగరీ, పోలండ్, స్లొవేకియాల నుంచి ఎగిరాయి. 2023లో సూడాన్ సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక దళానికీ పోరు మొదలయ్యాక, ఆపరేషన్ కావేరిలో మనవాళ్లకు రాజధాని ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కు బస్సులో 800 కిలోమీటర్ల పైన ప్రయాణం. ఆపైన ఎర్ర సముద్రం దాటి జెడ్డా, అక్కడి నుంచి ఇండియా. 2025 జూన్‌లో ఇరాన్‌లోని ఉర్మియా వైద్య విద్యార్థులు రోడ్డు దారిన ఆర్మేనియా వెళ్లి యెరెవాన్‌లో విమానం ఎక్కారు. ఇరాన్ ఊరు మషద్ నుంచి మన విమానాలకు ఆ దేశం దారి తెరిచింది, కానీ ఇజ్రాయెల్ దాడులు మొదలైన వారానికి.

అందుకే పిల్లవాడు ఏ ఊళ్లో చేరుతున్నా ఆ వారమే పటంలో రెండు వేర్వేరు దేశాలకు దారులు గీసి పెట్టుకోవాలి. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్, సుమీ రష్యా పక్కనే ఉంటాయి. ల్వీవ్ దగ్గరి పోలండ్ సరిహద్దు గేటుకు ఖార్కివ్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. సుమీ నుంచి రైలు, రోడ్డు తెగిపోవడంతో అక్కడి మన విద్యార్థులు 2022 మార్చి 8న గానీ బస్సుల్లో పోల్తావాకు కదల్లేకపోయారు. అప్పటిదాకా మంచు కరిగించుకుని తాగారు.

ఉప్పల్_శ్రీను:
అన్నా, దగ్గర ఏ గేటు ఉంటే దానికి పోతే సరిపోతుందా?

పటం_చూసేవాడు:
దగ్గరి గేటు కాదు తమ్ముడూ, జనం తక్కువున్న గేటు చూడాలి. అప్పుడు అందరూ షెహీని గేటు మీదే పడ్డారు. దానవతల పోలండ్ ఊరు మెదికా. కార్ల వరుస కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతే బస్సులు మధ్యలోనే దింపేశాయి. సూట్‌కేసులు ఈడ్చుకుంటూ చలిలో నడక, గేటు దగ్గర రాత్రుళ్లు పడిగాపులు. పోలండ్‌లోని మన ఎంబసీ బుదొమీర్జ్ వైపు వెళ్లమని చెప్పింది. రొమేనియాకు సిరెత్, హంగరీకి జాహోనీ కూడా ఉన్నాయి. సమాచారం ఎంబసీ ఎక్స్ ఖాతాలో ముందొస్తుంది, వాట్సాప్‌లో తిరిగేది చాలాసార్లు నిన్నటిది.

చక్రాల సూట్‌కేసు మంచులో ఒక కిలోమీటరు కూడా రాదు. వీపు సంచి ఒక్కటే, ఏడెనిమిది కిలోలు దాటొద్దు. 2022 మార్చి 2న ఖార్కివ్‌లోని మనవాళ్లను సాయంత్రం ఆరింటిలోగా దగ్గర్లోని పెసోచిన్ ఊరికి చేరమని ఎంబసీ చెప్పింది, బండి దొరక్కపోతే నడిచైనా. అది పది కిలోమీటర్ల పైనే.

డాక్టరమ్మ_తార్నాక:
సంచిలో ఏముండాలో నేను రాస్తాను. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు జిప్‌లాక్ కవర్లో పెట్టి ఒంటి మీదే ఉంచుకోవాలి, సంచిలో వద్దు. 5, 10 డాలర్ల చిన్న నోట్లు, మరకలు చిరుగులు లేనివి. రెండు లీటర్ల నీళ్లు, ఖర్జూరాలు, పల్లీలు, రోజూ వేసుకునే మందులు పది రోజులకు. జ్వరం మాత్రలు, ఓఆర్‌ఎస్, అమ్మాయిలకు ప్యాడ్లు. మూడు జతల ఉన్ని సాక్సులు. తడి సాక్సుతో చలిలో నిలబడితే కాలివేళ్లు మొద్దుబారిపోతాయి.

పవర్‌బ్యాంక్ 20,000 ఎంఏహెచ్‌ది చాలు, విమానంలోనూ ఒప్పుకుంటారు. చలికి ఫోన్ బ్యాటరీ గబగబా పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోవాలి. ఇండియా సిమ్ తీసి పారేయొద్దు, బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది.

సైరన్ మోగినప్పుడు బేస్‌మెంట్‌కు దిగే వీలు లేకపోతే, బయటికీ మీకూ మధ్య రెండు గోడలుండేలా చూసుకోవాలి. మొదటి గోడ పేలుడు దెబ్బ తింటుంది, రెండోది ముక్కల్ని ఆపుతుంది. కిటికీ లేని లోపలి వరండా మేలు. కిటికీ పక్కన నిలబడి వీడియో తీయడం మాత్రం వద్దు. గాజు పగిలి ఎగిరే ముక్కలే చాలామందిని గాయపరుస్తాయి.

సరుకుల కోసం క్యూ కట్టేది కర్ఫ్యూ ఎత్తిన వెంటనే గుంపులో కాదు. ఖార్కివ్‌లో మార్చి 1న మన విద్యార్థి ఒకరు దుకాణం క్యూలో ఉండగానే చనిపోయాడు. వారం తిండి గదిలో ఉంటే అసలు బయటికి వెళ్లే పనే ఉండదు.

గల్ఫ్_బస్టాండ్:
పని కోసం పోయినోళ్లది ఇంకో తిప్పలు. పాస్‌పోర్టు కంపెనీ లాకర్ల ఉంటది. గొడవ మొదలైతే ముందు గదే అడగాలె. ఇయ్యకపోతే జిరాక్సు, రెండు ఫొటోలు పట్టుకుని ఎంబసీకి పోతే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తరు. దానితోని ఒక్కసారి ఇండియాకు రావచ్చు, వేరే దేశంల ఉండనీకి పనికిరాదు. ఇంట్ల పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ రంగు జిరాక్సు ఉండాలె.

పోకముందే చూసుకునే సంగతి ఒకటున్నది. రష్యాల సెక్యూరిటీ పని, హెల్పర్ పని అని చెప్పి మన పోరగాళ్లను తీస్కపోయి యుద్ధంల దింపిండ్రు. 2024ల హైదరాబాద్ పిలగాడు ఒకడు అట్లనే సచ్చిపోయిండు, సీబీఐ కేసు పెట్టింది. విజిట్ వీసా మీద పని అంటే వద్దనాలె. ఏజెంటు పేరు సర్కారు ఈ-మైగ్రేట్ సైటుల ఉన్నదా, లైసెన్సు నంబరు కలుస్తదా చూడాలె. సర్వీసు చార్జి 30,000, దాని మీద జీఎస్టీ, అంతకన్నా ఎక్కువ తీస్కునే హక్కు వాళ్లకు లేదు. తెల్వని భాషల రాసిన కాయితం మీద సంతకం పెట్టనే పెట్టొద్దు.

నల్లకుంట_పద్మ:
మరి ఇంట్లోవాళ్లు?

కంట్రోల్‌రూమ్_కబుర్లు:
అమ్మా, ఇంటి తరఫున మాట్లాడేది ఒక్కరే ఉండాలి. ఒకే పేజీలో: పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, నంబరు, కాలేజీ, ఇప్పుడున్న చోటు లొకేషన్, రెండు వైపుల ఫోన్లు, బ్లడ్ గ్రూపు. ఆ పేజీ అక్కడి ఎంబసీ కంట్రోల్‌రూమ్‌కు, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు, ఢిల్లీ తెలంగాణ భవన్‌కు. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్‌ఫ్రీ 1800 11 3090. మేనమామ ఒక పేరు, బాబాయి ఇంకో స్పెల్లింగు పంపితే జాబితాలో ఒకే పిల్లవాడు ఇద్దరవుతాడు, వెతికేవాళ్ల సమయం పోతుంది. పాస్‌పోర్టు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగితే మోసమే, గంగా, కావేరి విమానాలకు టికెట్ డబ్బు తీసుకోలేదు.

ఫోను పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ముందే అనుకున్న టైముకు. మిగతాది ఎస్సెమ్మెస్. 2025 జూన్‌లో ఇరాన్‌లో ఇంటర్నెట్ పోయింది, ఎంబసీ నంబరు కాగితం మీద రాసుకుని ఉండాలి.

ఉప్పల్_శ్రీను:
కాలేజీ హాజరు పోతుందని ఆగిపోయేవాళ్లకు ఏం చెప్పాలి?

డాక్టరమ్మ_తార్నాక:
2022లో ఉక్రెయిన్‌లో అదే జరిగింది. ఫిబ్రవరి 15నే ఎంబసీ వెళ్లమంది, యూనివర్సిటీలు ఆన్‌లైన్ ఇస్తాయో లేదో తెలియక, టికెట్ ధరలు చూసి చాలామంది ఆగిపోయారు. ఆ భయంలోనూ అర్థముంది. 2021 నవంబరులో వచ్చిన ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనల ప్రకారం 54 నెలల చదువు ఒకే సంస్థలో పూర్తి కావాలి. అయినా 2022 సెప్టెంబరులో ఉక్రెయిన్ విద్యార్థులు వేరే దేశాల యూనివర్సిటీల్లో కొనసాగడానికి ఎన్ఎంసీ అనుమతించింది. కాగితాలు చేతిలో ఉన్నవాళ్లకు ఆ పని తేలికైంది. అందుకే ప్రతి సెమిస్టరు ముగియగానే మార్కుల ట్రాన్స్‌క్రిప్టు, సబ్జెక్టుల గంటల పట్టిక డీన్ ముద్రతో తీసుకోవాలి. ఇంటర్ మెమో ఒరిజినల్ డీన్ ఆఫీసులో ఉంటే, ఎంబసీ మొదటి హెచ్చరిక వచ్చిన రోజే వెళ్లి అడగాలి. పేలుళ్లు మొదలయ్యాక ఆ ఆఫీసు తలుపు తీసేవాళ్లుండరు.