సొంతంగా నిర్వహించుకునే వర్డ్‌ప్రెస్ బ్లాగును మాస్టొడాన్‌తో కలపడంలో సహాయం కావాలి

నమస్కారం. అద్దె సర్వర్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్న నా తెలుగు బ్లాగును యాక్టివిటీపబ్ ప్లగిన్ ద్వారా ఫెడివర్స్‌లో (పరస్పరం సందేశాలు పంపుకునే స్వతంత్ర సామాజిక మాధ్యమ సర్వర్ల సమూహంలో) చేర్చాలని ప్రయత్నిస్తున్నాను. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సి 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించిన ఈ యాక్టివిటీపబ్ ప్రోటోకాల్ వల్ల, ఫెడివర్స్‌లో భాగమైన మాస్టొడాన్‌లో ఖాతా ఉన్న పాఠకులు నా బ్లాగును నేరుగా అనుసరించి, అక్కడి నుంచే వ్యాఖ్య రాయగలుగుతారు. రచన మాత్రం నా డొమైన్‌లోనే ఉంటుంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

నా వర్డ్‌ప్రెస్ డొమైన్ మూలంలో కాక ఒక ఉప ఫోల్డరులో ఉంది. ఖాతా పేరును బట్టి దాని చిరునామాను కనుక్కునే వెబ్‌ఫింగర్ విచారణ డొమైన్ మూలానికే వస్తుంది కనుక దాన్ని వర్డ్‌ప్రెస్‌కు మళ్లించాను. ఇప్పుడు మాస్టొడాన్‌లో వెతికితే ఖాతా కనిపిస్తోంది. అయితే ఫాలో నొక్కినవారి అభ్యర్థన పెండింగ్‌లోనే ఉండిపోతోంది. అంటే నా సర్వర్ సంతకం చేసి పంపవలసిన అంగీకార సందేశం అవతలి ఇన్‌బాక్స్‌కు చేరడం లేదని నా అంచనా. వర్డ్‌ప్రెస్ క్రాన్ (నేపథ్యంలో పనులను సమయానికి నడిపే ఏర్పాటు) నడవకపోవడం ఇందుకు కారణం కావచ్చా? సందేశం ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి ఏ లాగ్ చూడాలి?

వ్యాసాల చిరునామాలను వెతికినప్పుడు కొన్ని అసలు దొరకడం లేదు. పేజీ క్యాష్ యాక్సెప్ట్ హెడర్‌ను (ఏ రూపంలో సమాచారం కావాలో అభ్యర్థనలో తెలిపే వరుసను) పట్టించుకోకుండా, జేసన్ అనే డేటా రూపాన్ని అడిగిన సర్వర్లకు కూడా నిల్వ ఉంచిన హెచ్‌టీఎంఎల్ పేజీనే ఇస్తోందని అనుమానిస్తున్నాను. క్యాష్‌ను పూర్తిగా ఆపకుండా, ఆ హెడర్‌ను బట్టి వేరుచేసే ఎన్‌జిన్‌ఎక్స్ అమరికను ఎవరైనా వాడుతుంటే దయచేసి చూపగలరు.

ఖాతా గుర్తింపు డొమైన్‌తో ముడిపడి ఉంటుంది కనుక, అనుచరులు చేరకముందే దీన్ని సరిచేసుకోవాలని ఉంది. బ్లూస్కై అనే సామాజిక మాధ్యమం వేరే ప్రోటోకాల్ మీద నడుస్తుంది కాబట్టి, ఇలాంటి ఖాతాను బ్రిడ్జీ ఫెడ్ అనే అనుసంధాన సేవ ద్వారా అక్కడికి కలిపినవారి అనుభవం కూడా తెలిస్తే ఎంతో ఉపకరిస్తుంది.