అమెరికా చేరాక ఫోన్ అకౌంట్ దేశం మార్చాలా, రెండో అకౌంట్ తెరవాలా?

శంషాబాద్_టెర్మినల్

ఆగస్టు సెమిస్టర్‌కి అమెరికా వెళ్ళే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో రెండు సలహాలు ఎదురెదురుగా తిరుగుతున్నాయి. దిగిన వారంలోనే ఆపిల్ అకౌంట్, గూగుల్ ప్లే రెండిటి దేశమూ అమెరికాకి మార్చేయమని ఒక వర్గం. పాతదాని జోలికి పోవద్దు, అమెరికాకి వేరే అకౌంట్ తెరవమని ఇంకో వర్గం. మామూలుగా కనిపించే కేసు తీసుకుందాం: చేతిలో ఐఫోన్, పక్కన పాత ఆండ్రాయిడ్, అమ్మానాన్నలతో కలిపి ఫ్యామిలీ షేరింగ్ (కొనుగోళ్ళు ఇంట్లో అందరూ పంచుకునే ఏర్పాటు), రెండు ఇండియా బ్యాంకు యాప్‌లు, రూపాయల్లో కడుతున్న యూట్యూబ్ ప్రీమియం. ఏం చేయాలో కారణాలతో చెప్పండి. "మా వాడికి పనిచేసింది" అంటే చాలదు.

పిన్‌కోడ్

మార్చడమే సరి. స్టోర్ దేశం, పేమెంట్ పద్ధతి ఒకే దేశానివి కావాలి. అమెరికా బ్యాంకు డెబిట్ కార్డు వచ్చాక దాన్ని ఇండియా స్టోర్‌లో పెట్టబోతే తీసుకోదు. డబ్బు పంపుకునే అమెరికా యాప్‌లు వెన్మో, క్యాష్ యాప్ లాంటివి ఇండియా స్టోర్‌లో వెతికినా తగలవు. రోజువారీ బతుకంతా అక్కడే అయినప్పుడు స్టోర్ ఇక్కడ పెట్టుకుని ఏం లాభం?

ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి పైన మీ పేరు నొక్కండి. మీడియా అండ్ పర్చేజెస్, వ్యూ అకౌంట్, కంట్రీ/రీజన్. కొత్త దేశం ఎంచుకుని, నిబంధనలు ఒప్పుకుని, అక్కడి చిరునామా, అక్కడ చెల్లే కార్డు ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ కుడి పైమూల మీ ఫొటో, సెట్టింగ్స్, జనరల్, అకౌంట్ అండ్ డివైస్ ప్రిఫరెన్సెస్, కంట్రీ అండ్ ప్రొఫైల్స్. కొత్త దేశం అక్కడ చూపిస్తుంది. నొక్కి ఆ దేశపు కార్డు జోడిస్తే సరి. స్టోర్ మొత్తం మారడానికి 48 గంటల దాకా పట్టొచ్చు. అంతకుమించి ఇందులో బ్రహ్మవిద్య లేదు.

గోదారిగట్టు

దారి చెప్పారు, దారిలో గోతులు చెప్పలేదు.

ఆపిల్ సంగతే చూడండి. దేశం మార్చాలంటే అకౌంట్ బ్యాలెన్స్ సున్నా అయ్యుండాలి. సబ్‌స్క్రిప్షన్లన్నీ రద్దు చేయాలి. రద్దు చేస్తే చాలదు, కట్టిన గడువు పూర్తయ్యే దాకా ఆగాలి. ఏప్రిల్‌లో ఏడాది సబ్‌స్క్రిప్షన్ కొన్నవాడు ఆగస్టులో అమెరికా దిగితే మళ్ళీ ఏప్రిల్ దాకా ఆ మెనూ ముందు పడిగాపులే. ప్రీ-ఆర్డర్లు, అద్దెకు తీసుకున్న సినిమాలు, రావాల్సిన రీఫండ్లు, ఏది పెండింగ్‌లో ఉన్నా అడ్డే. ఫ్యామిలీ షేరింగ్‌లో సభ్యుడిగా ఉన్నా మార్చనివ్వకపోవచ్చు.

గూగుల్‌లో గొయ్యి ఇంకోచోట ఉంది. దేశం ఏడాదికి ఒక్కసారే మారుతుంది. మార్చిన మరుసటి నెల "అయ్యో, ఇండియా యాప్ ఒకటి కావాలి" అంటే పన్నెండు నెలలు ఆగాల్సిందే. పాత దేశపు ప్లే బ్యాలెన్స్ కొత్త దేశంలో చెల్లదు. పోదు గానీ, మళ్ళీ ఆ దేశానికి వచ్చే దాకా అలా పడి ఉంటుంది.

కాబట్టి పాత అకౌంట్ కదపకండి. అమెరికాకి కొత్తది తెరవండి.

అమీర్‌పేట్_అడ్మిన్

మీరిద్దరూ ఆపిల్‌నీ గూగుల్‌నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. అసలు జవాబు రెండిటికీ వేరు.

ఆండ్రాయిడ్‌లో ఒకే ఫోన్‌లో రెండు గూగుల్ అకౌంట్లు పక్కపక్కనే ఉంటాయి. ప్లే దేశం ఫోన్‌ది కాదు, అకౌంట్‌ది. ప్లే స్టోర్‌లో ఫొటో నొక్కి అకౌంట్ మార్చితే ఆ అకౌంట్ దేశపు స్టోర్ కనబడుతుంది. అమెరికా దిగాక కొత్త జీమెయిల్ తెరిచి అక్కడి కార్డు జోడిస్తే అది అమెరికా స్టోర్‌గా నిలబడుతుంది. పాత అకౌంట్ ఇండియాలోనే ఉంటుంది, మెయిల్, ఫొటోలు, కాంటాక్ట్‌లు ఎక్కడివక్కడే. ఏడాది నిబంధనతో పనే పడదు. ఆండ్రాయిడ్ వాళ్ళకి దేశం మార్చమని సలహా ఇవ్వడం అనవసరపు శ్రమ అని నా అభిప్రాయం.

ఐఫోన్‌లో అంత తేలిక కాదు, అయినా దారుంది. ఐక్లౌడ్‌కి (ఫొటోలు, బ్యాకప్‌లు దాచే చోటు) ఒక అకౌంట్, స్టోర్‌కి ఇంకో అకౌంట్ పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో మీ పేరు, మీడియా అండ్ పర్చేజెస్, సైన్ అవుట్. తర్వాత అక్కడే రెండో అకౌంట్‌తో సైన్ ఇన్. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది: పేజీ అడుగున ఎర్ర అక్షరాల్లో ఉండే పెద్ద సైన్ అవుట్ నొక్కేస్తారు. అది ఐక్లౌడ్ నుంచే బయటికి తీసుకొస్తుంది, పోయిన ఫోన్‌ని వెతికే ఫైండ్ మై ఆపడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది, ఫోన్‌లో కాంటాక్ట్‌లు ఉంచాలా వద్దా అని ప్రశ్నలు వేస్తుంది. మనకు కావాల్సింది మీడియా అండ్ పర్చేజెస్ లోపలిది మాత్రమే. ఫొటోలు, బ్యాకప్‌లు పాత అకౌంట్‌లో చెక్కుచెదరవు.

పిన్‌కోడ్

@అమీర్‌పేట్_అడ్మిన్ ఆండ్రాయిడ్ వరకు ఒప్పుకుంటా. ఐఫోన్‌లో రెండు అకౌంట్ల కాపురం అంటే మాత్రం ఒప్పుకోను. ఏ అకౌంట్‌తో దించిన యాప్‌కి ఆ అకౌంట్ పాస్‌వర్డే అప్‌డేట్ అప్పుడు అడుగుతుంది. యాప్ లోపల కొన్నది కొన్న అకౌంట్‌కే అంటుకుని ఉంటుంది. పాత కొనుగోళ్ళు ఆటోమేటిక్‌గా దించుకోవడం కోసమో, ఆపిల్ మ్యూజిక్ డౌన్‌లోడ్ల కోసమో ఫోన్‌ని ఒక అకౌంట్‌కి ముడిపెడితే, ఇంకోదానికి మార్చడానికి 90 రోజులు ఆగమంటుంది. మూడు నెలల్లో నాలుగుసార్లు అటూఇటూ మారేవాడికి ఇది తలనొప్పి.

ఇంకోటి. రెండు అకౌంట్ల కొనుగోళ్ళనీ ఒకదాంట్లోకి చేర్చే సౌకర్యం ఆపిల్ 2025 ఫిబ్రవరిలో తెచ్చింది. అప్పుడే ఇండియా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ యూజర్లకి లేదని చెప్పేసింది. పైగా రెండు అకౌంట్లూ ఒకే దేశంలో ఉండాలన్న షరతు. ఈరోజు సరదాగా తెరిచిన రెండో అకౌంట్‌ని రేపు కలిపేసుకుందామంటే కుదరదు.

గోదారిగట్టు

కలపాల్సిన అవసరం ఏముంది? రెండో అకౌంట్‌తో దించేవి చాలావరకు ఉచిత యాప్‌లే: బ్యాంకుది, యూనివర్సిటీది, బస్సుది. కార్డు కూడా అక్కర్లేదు. స్టోర్‌లో ఒక ఉచిత యాప్ దించబోతూ అక్కడి నుంచే అకౌంట్ తెరిస్తే పేమెంట్ దగ్గర "నన్" (None, అంటే ఏ కార్డూ వద్దు) అనే ఎంపిక వస్తుంది. ఇప్పటికే ఉన్న అకౌంట్‌కి మాత్రం, దాంట్లో సబ్‌స్క్రిప్షన్ నడుస్తున్నా, ఫ్యామిలీ షేరింగ్‌కి పెద్ద మీరే అయినా ఆ ఎంపిక కనబడకపోవచ్చు. కొత్త అకౌంట్ కొత్త మెయిల్‌తోనే తెరవాలి, పాత మెయిల్ మళ్ళీ తీసుకోదు.

కడప_కువైట్

అందరూ అమెరికా అమెరికా అంటున్నారు. గల్ఫ్ సంగతి వేరండీ. రెండేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్ళేవాళ్ళు దేశం మార్చకపోవడమే మంచిది. ఇంటికి పంపే డబ్బు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు అన్నీ ఇండియా యాప్‌లలోనే. లోకల్ యాప్ ఏదైనా ఇండియా స్టోర్‌లో దొరక్కపోతే దానికొక అదనపు అకౌంట్ చాలు.

యూపీఐ పనిచేయడానికీ ప్లే స్టోర్ దేశానికీ సంబంధం లేదు, దీన్ని చాలామంది కలిపేసుకుంటున్నారు. యూపీఐ చూసేది బ్యాంకులో రిజిస్టరైన నంబరుని. యాప్‌ని ఫోన్‌లో కొత్తగా రిజిస్టర్ చేసేటప్పుడు ఆ సిమ్ నుంచి మెసేజ్ బయటికి పోవాలి. రోమింగ్‌లో ఆ మెసేజ్ పోవాలంటే సిమ్‌లో బ్యాలెన్స్ ఉండాలి. విదేశీ నంబరుతోనే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతాలు) యూపీఐ పెట్టుకోవచ్చని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2023 జనవరిలో పది దేశాలకి అనుమతిచ్చింది. అమెరికా, కెనడా, బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియా, హాంకాంగ్, ఒమన్, ఖతర్, సౌదీ, యూఏఈ. ఆ పదిలో కువైట్ లేదు. మీ బ్యాంకు కూడా ఆ ఏర్పాటు చేసి ఉండాలి.

ఇండియా సిమ్ చచ్చిపోనివ్వకండి. 90 రోజులు కాల్, మెసేజ్, డేటా ఏ వాడకమూ లేకపోతే నంబరు తీసేసే వీలు కంపెనీకి ఉంది. ఆ నంబరు ఇంకొకరికి పోయిందంటే ఓటీపీలూ వాళ్ళకే పోతాయి.

లాగిన్_రాని_లక్ష్మి

మధ్యలో దూరుతున్నా. దేశం మార్చేముందు ఆపిల్ బ్యాలెన్స్ 37 రూపాయలు మిగిలి, దానికి సరిపడా ఏ వస్తువూ లేకపోతే ఏం చేయాలి? మార్చనివ్వదు కదా?

అమీర్‌పేట్_అడ్మిన్

@లాగిన్_రాని_లక్ష్మి గారూ, రెండు దారులు. బ్యాలెన్స్ కంటే ఖరీదైనది కొని మిగతాది యూపీఐతో కట్టడం ఒకటి. ఆపిల్ సపోర్ట్‌కి చెప్పి ఆ మిగులు తీయించుకోవడం రెండోది. తీసేశాక ఆ డబ్బు తిరిగి రాదు, 37 రూపాయలే కాబట్టి వదిలేయండి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. దేశం మార్చే ఆలోచన ఉన్నవాళ్ళు ముందే ఇండియా గిఫ్ట్ కార్డులు వేసి పెట్టుకోవద్దు. గిఫ్ట్ కార్డు ఏ దేశానిదైతే ఆ దేశపు స్టోర్‌లోనే చెల్లుతుంది. 2022లో ఆపిల్ ఇండియా స్టోర్‌లో క్రెడిట్, డెబిట్ కార్డులు తీసుకోవడం మానేశాక చాలామంది యూపీఐతో బ్యాలెన్స్ వేసుకోవడం అలవాటు చేసుకున్నారు. మార్చేటప్పుడు అడ్డొచ్చేది అదే.

సగం_ధర

ఎవరూ అసలు మాట ఎత్తడం లేదు. యూట్యూబ్ ప్రీమియం 2024 ఆగస్టులో 129 నుంచి 149 రూపాయలకి పెంచినా డాలర్ ధర ముందు అది చిల్లరే. దేశం మార్చితే ఆ లాభం పోతుంది. అందుకే మార్చొద్దంటున్నా. ఇప్పటికే మారిపోయినవాళ్ళు వీపీఎన్‌తో (ఉన్న దేశాన్ని వేరేగా చూపించే యాప్) ఇండియా చూపించి కొనుక్కోవచ్చు.

పిన్‌కోడ్

ఇది సలహానా? 2024 జూన్‌లో యూట్యూబ్ సరిగ్గా ఇలా వీపీఎన్‌తో చవక దేశంలో కొన్నవాళ్ళ సబ్‌స్క్రిప్షన్లే రద్దు చేసింది. నెలకి నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి పదిహేనేళ్ళ మెయిల్ ఉన్న గూగుల్ అకౌంట్‌ని అనుమానపు జాబితాలో పెట్టుకోవడం ఏం తెలివి? దొంగ చిరునామా ఇచ్చి దేశం మార్చడమూ అంతే. నిజంగా ఆ దేశంలో ఉంటే మార్చండి, లేకపోతే వదిలేయండి.

సగం_ధర

ఇండియాలో ఉండగా కొన్నది అక్కడికెళ్ళాక నడిస్తే దాన్ని మోసం అనరు కదా. వీపీఎన్ మాట వెనక్కి తీసుకుంటా, మిగతాది కాదు.

గోదారిగట్టు

నెట్‌ఫ్లిక్స్ గురించి ఒక్క ముక్క, మళ్ళీ ఎవరో అడుగుతారు. అక్కడ దేశం మార్చే బటన్ ఏదీ ఉండదు. ఏ దేశం నుంచి చూస్తే ఆ దేశపు సినిమాలే వస్తాయి. బిల్లు దేశం మారాలంటే మెంబర్‌షిప్ రద్దు చేసి, గడువు అయ్యాక, కొత్త దేశంలో ఉండి మళ్ళీ మొదలుపెట్టాలి. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో అయితే కొత్త దేశపు కార్డుతో ఏదైనా కొన్నప్పుడు మారుతుంది, మూడు నెలలకోసారి మించి కుదరదు.

శంషాబాద్_టెర్మినల్

ఫ్యామిలీ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో, పిల్లాడు అమెరికాలో. షేరింగ్ నిలుస్తుందా?

అమీర్‌పేట్_అడ్మిన్

ఆపిల్‌లో కొనుగోళ్ళు, సబ్‌స్క్రిప్షన్లు పంచుకోవాలంటే అందరి స్టోర్ దేశమూ ఒకటే కావాలి. పిల్లాడు అమెరికాకి మారితే ఆ పంపకం తెగినట్టే. గూగుల్ ఫ్యామిలీ గ్రూపుకీ అదే నియమం, మేనేజర్ ఏ దేశంలో ఉంటే సభ్యులూ ఆ దేశంలో ఉండాలి. గ్రూపు వదిలి ఇంకో గ్రూపులో చేరడం కూడా పన్నెండు నెలలకి ఒక్కసారే. అందుకే కంగారుపడి గ్రూపు వదిలేయకండి.

గూగుల్ వన్ (డబ్బు కట్టి తీసుకునే అదనపు స్టోరేజ్) పంచుకుంటున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. పిల్లాడు బయటికి వస్తే అతని వాటా తిరిగి ఉచిత 15 జీబీకి పడిపోతుంది. అప్పటికే 40 జీబీ ఫొటోలుంటే అవి వెంటనే పోవు గానీ, జీమెయిల్‌కి కొత్త మెయిల్ రావడం ఆగిపోతుంది. యూనివర్సిటీ నుంచి మెయిల్ కోసం ఎదురుచూసే రోజుల్లో అది ఎక్కడికి దారితీస్తుందో చెప్పక్కర్లేదు. ముందు తన సొంత ప్లాన్ కొని, ఆ తర్వాతే గ్రూపులోంచి బయటికి రావాలి.

పిన్‌కోడ్

సరే, నా మాట కొంచెం సవరిస్తా. రెండేళ్ళ చదువుకి వెళ్ళేవాళ్ళు, తల్లిదండ్రులతో షేరింగ్ ఉన్నవాళ్ళు రెండో అకౌంట్‌తో నెట్టుకురావచ్చు. ఉద్యోగం, ఇల్లు, భార్యాపిల్లలు అన్నీ అక్కడే అయినవాళ్ళు మాత్రం సబ్‌స్క్రిప్షన్ గడువులు చూసుకుని అసలు అకౌంట్‌నే మార్చుకోవాలి. అక్కడ పుట్టిన పిల్లలకి చైల్డ్ అకౌంట్ తెరిచే రోజు వస్తుంది, అప్పుడు అమ్మానాన్నల స్టోర్ ఇండియాలో ఉంటే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది.

గోదారిగట్టు

పిల్లలు పుట్టాక మార్చుకోమనండి, తొందరేం? ఇండియా బ్యాంకు యాప్ అమెరికా స్టోర్‌లో లేదనుకోండి. దేశం మార్చాక అది ఫోన్‌లో ఉంటుంది, తెరుచుకుంటుంది, కానీ అప్‌డేట్ రాదు. ఏదో ఒకరోజు "కొత్త వెర్షన్ వేసుకోండి" అని తలుపు మూస్తుంది. కొత్త ఫోన్ కొన్నా మళ్ళీ దించుకోలేరు. అప్పుడే జనం స్టోర్ బయట ఎక్కడో దొరికిన ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) వేసుకుని ఖాతా ఖాళీ చేసుకునేది.

పిన్‌కోడ్

అందుకే మార్చేముందు మీ యాప్‌లు అమెరికా స్టోర్‌లో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకోమంటున్నా. బ్రౌజర్‌లో ఆపిల్ యాప్ స్టోర్‌లోని ఆ యాప్ పేజీ తెరిచి, అడ్రసులో ఐఎన్ (in) అని ఉన్నచోట యూఎస్ (us) అని మార్చి ఎంటర్ కొట్టండి. పేజీ తెరుచుకుంటే యాప్ అక్కడ ఉన్నట్టు, దొరకలేదంటే లేనట్టు. అర నిమిషం పని.

లాగిన్_రాని_లక్ష్మి

ఇప్పుడే చూశా. నా రెండు బ్యాంకుల్లో ఒకటి ఉంది, ఒకటి లేదు. రెండో అకౌంటే తెరుస్తా.