సుప్రీమ్స్ వెనుకబడటానికి డయానా రాస్ నిష్క్రమణే కారణమా?

ప్రశ్న:
కొంతకాలంగా అమెరికా రికార్డుల సంస్థ మోటౌన్ పాటలను వరుసగా వింటున్నాను. 1964 నుంచి 1969 వరకు అమెరికాలో పాటల ఆదరణను లెక్కించే బిల్‌బోర్డ్ పట్టికలో 12 పాటలను మొదటి స్థానంలో నిలిపిన సుప్రీమ్స్ అనే గాయనుల బృందానికి, 1970 జనవరిలో ప్రధాన గాయని డయానా రాస్ తప్పుకున్నాక అటువంటి పాట మరొకటి దక్కలేదు. ఆమె గొంతే బృందానికి ప్రాణమనీ, ఆమెతోనే దాని కథ ముగిసిందనీ అనుకోవచ్చా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
అలా తేల్చేయడం తొందరపాటే అవుతుంది. ఆ 12 పాటల్లో 10 పాటలు హాలండ్, డోజియర్, హాలండ్ అనే ముగ్గురు మోటౌన్ రచయితలు కలిసి కట్టినవి. డెట్రాయిట్‌లో 1959లో ప్రైమెట్స్ పేరుతో మొదలై, 1961లో మోటౌన్‌లో చేరిన ఈ అమ్మాయిలు చెప్పుకోదగ్గ విజయం లేక "హిట్లు లేని సుప్రీమ్స్" అనిపించుకున్నారు; అప్పుడూ బృందంలో డయానా ఉన్నారు కదా! 1964 నాటి 'వేర్ డిడ్ అవర్ లవ్ గో' పాటను ఒకసారి శ్రద్ధగా వినండి. ముందు చెక్కపలకల మీద కాళ్లతో తొక్కిన చప్పుడు వినిపిస్తుంది. ఆపైన డయానా తన అలవాటు శ్రుతి కన్నా కిందికి దిగి, ఎక్కడా గొంతు పెంచకుండా పాడుతుంటే, మిగతా ఇద్దరు సభ్యులు మేరీ విల్సన్, ఫ్లోరెన్స్ బల్లార్డ్ వెనుక నుంచి "బేబీ, బేబీ" అని అందుకుంటారు. పాటకు ఆ రూపం ఇచ్చిన ఆ ముగ్గురు రచయితలూ డబ్బు విషయంలో సంస్థతో తగవు వచ్చి 1968 నాటికి దూరమయ్యారు. ఆ తర్వాత, డయానా ఇంకా ఉండగానే, మొదటి స్థానానికి చేరినవి రెండే పాటలు.

రెండో జవాబు:
పాటల రచయితల సంగతి నిజమే గానీ, బృందం బృందంగా చెదిరిపోయింది 1967లోనే అని నా నమ్మకం. ఆ ఏడాది పేరు 'డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్'గా మారింది. బృందానికి పునాది వేసినవారిలో ఒకరైన ఫ్లోరెన్స్‌ను తప్పించి సిండీ బర్డ్‌సాంగ్‌ను తీసుకున్నారు. ఆఖరి మొదటి స్థానపు పాట 'సమ్‌డే వీ విల్ బీ టుగెదర్' రికార్డులో మేరీ, సిండీల గొంతులే లేవంటే పరిస్థితి ఎంతవరకు వెళ్లిందో ఊహించుకోవచ్చు. అంత గొంతు ఉన్న ఫ్లోరెన్స్ 1976లో 32 ఏళ్లకే కన్నుమూయడం ఇప్పటికీ మనసును కలచివేస్తుంది.

మూడో జవాబు:
1970 తర్వాత కథ ముగిసిందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. డయానా స్థానంలో వచ్చిన జీన్ టెరెల్ పాడిన 'స్టోన్డ్ లవ్' అదే ఏడాది అమెరికా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్ అనే సంగీత శైలి) పట్టికలో మొదటి స్థానానికీ, మరుసటి ఏడాది బ్రిటన్‌లో మూడో స్థానానికీ చేరింది. 1977లో బృందం రద్దయ్యేదాకా నిలిచిన తొలినాటి సభ్యురాలు మేరీ విల్సన్ ఒక్కరే. మీరు ఆ తర్వాతి కాలపు పాటలను 'స్టోన్డ్ లవ్'తోనే మొదలుపెట్టండి.