అప్‌డేట్: కెనడాలోని కాల్గరీలో ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్ ఇల్లు, మొదటి చలికాలం తరువాత

మా ఇంటిని కర్ర చట్రంతో కట్టాలా, ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్ (చలిని ఆపే పలకల అచ్చులో కాంక్రీటు పోసే) పద్ధతిలో కట్టాలా అని గత ఏడాది మిమ్మల్ని ఇక్కడ అడిగాను. ఖర్చు ఎక్కువైనా రెండోదే ఎంచుకున్నాము. ఈ గోడలో లోపల, బయట 2.5 అంగుళాల చొప్పున థర్మోకోల్ పలకలు, నడుమ ఇనుప కడ్డీలతో 6 అంగుళాల కాంక్రీటు ఉంటాయి. పలకలను మామూలు సెంట్రింగ్‌లా ఊడదీయరు, అవే గోడకు శాశ్వతమైన దుప్పటి.

కాంక్రీటును ఒకేసారి పైదాకా నింపకుండా, ఇంటి చుట్టూ తిరుగుతూ 3, 4 అడుగుల చొప్పున పోయించమని మీలో ఒకరు హెచ్చరించారు. అయినా పనివారు ఒక మూలలో తొందరపడడంతో పలకలు బయటికి ఉబ్బాయి. వెంటనే ఆసరాలు బిగించినా ఆ గోడ కాస్త వంకరగానే మిగిలింది. (బీరువా అడ్డం పెట్టాము.)

మైనస్ 30 డిగ్రీల రోజుల్లోనూ గోడ పక్కన కూర్చుంటే చలి తెలియలేదు. నేను ఊహించని ఇబ్బంది తేమతో వచ్చింది: ఇంట్లోకి గాలి దాదాపు చొరబడదు కనుక, వంట ఆవిరి, స్నానాల తేమ బయటికి పోయే దారిలేక కిటికీ అద్దాల మీద నీరు పట్టింది. బయటికి పంపే గాలిలోని వేడిని లోపలికి వచ్చే చల్లగాలికి అందించే వెంటిలేటర్‌ను తక్కువ వేగంలో ఉంచడమే కారణమని తేలింది. వేగం పెంచిన తరువాత అద్దాలు ఆరాయి.

పైకప్పు మాత్రం కర్రదే. అటక మీద ఇన్సులేషన్ పెంచే పని వేసవిలో చేయిస్తాము.