కోళ్ల గూడు చలికి పూర్తిగా మూసేయాలా, గాలి సందు వదలాలా?

పలమనేరు పల్లెటూరోడు:
పది నాటుకోళ్లు, ఒక పుంజు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో గూడు కడుతున్నా, పైన సిమెంటు రేకు. మా పక్క డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 12, 13 డిగ్రీలకు దిగుతుంది, పొగమంచు ఎంతకీ వదలదు. మా అమ్మేమో నాలుగు పక్కలా పలకలు కొట్టి సందు లేకుండా మూసెయ్ అంటోంది, వడ్రంగి ఏమో ముందంతా మెష్ కొడితే చాలు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కుప్పం కోడిపుంజు:
వడ్రంగి మాటే సగం కరెక్టు. కోడి ఒళ్లే 41 డిగ్రీల దాకా ఉంటుంది, ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటే మన చలి దానికి లెక్కే కాదు. దాని ప్రాణం తీసేది తడి. రాత్రంతా ఊపిరితో, రెట్టతో తేమ వస్తూనే ఉంటుంది, అది పోయే దారి లేకపోతే రేకుకు నీటి చుక్కలు పట్టి తెల్లారేసరికి వాటి వీపు మీదే కారుతుంది. పైగా అమోనియా. పొద్దున తలుపు తీయగానే మీ కళ్లు మండాయంటే కోళ్లు రాత్రంతా ఆ ఘాటే పీల్చాయని అర్థం. మంచు కురిసే దేశాల్లో కూడా గూటికి పైన సందు వదులుతారు, లేదంటే ఆ తేమకు పుంజు తురాయి చివర్లు గడ్డకట్టి నల్లబడతాయి.

చిత్తూరు అక్క:
తమ్ముడూ, ఈ లెక్కలన్నీ పెద్ద కోళ్లకు. పోయిన చలికాలం మా కోడిపిల్లలు చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందివి ఊపిరాడక చచ్చిపోయాయి. మూయాల్సిందే.

కుప్పం కోడిపుంజు:
అక్కా, పిల్లల సంగతి వేరే. మొదటి వారం వాటికి 35 డిగ్రీల దాకా వేడి కావాలి, వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. ఈకలు నిండేదాకా, అంటే ఐదారు వారాలు, పెద్ద గూట్లో వేయకూడదు. తల్లికోడి ఉంటే రాత్రి గంప కింద మూసి పైన గోనెసంచి కప్పండి, మిగతాది అదే చూసుకుంటుంది. తల్లి లేని పిల్లలైతే బల్బు తప్పదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టొద్దు, ఆ పొగ మనుషులనే తీసేస్తుంది.

చిత్తూరు అక్క:
పెద్ద కోళ్లకు కూడా ఒక బల్బు వేలాడదీస్తే ఏం పోయింది?

కుప్పం కోడిపుంజు:
కోడి ఎగిరి తగిలితే బల్బు ఊక మీద పడుతుంది, తర్వాత గూడే ఉండదు. రాత్రి కరెంటు పోయిందంటే వేడికి అలవాటు పడ్డవి ఇంకా ఇబ్బంది పడతాయి. నేనైతే ఒప్పుకోను.

తిరుపతి మిద్దెతోట:
మాకు చలి ఏముంది అన్నా, ఈశాన్య రుతుపవనాల వానే అసలు టెన్షన్. 2021 నవంబరులో ఊరంతా నీళ్లే కదా. కానీ చలిగాలి, జల్లు రెండూ ఎక్కువగా అటునుంచే వస్తాయి కాబట్టి మందు ఒకటే: ఉత్తరం, తూర్పు గట్టిగా మూసెయ్యి, దక్షిణం వైపు మెష్ పెట్టు, చలికాలం ఎండ కూడా అటునుంచే లోపలికి పడుతుంది. రాత్రికి ఆ మెష్ మీద గోనెపట్ట సగందాకా దించు, పైభాగం వదిలెయ్యి.

కుప్పం కోడిపుంజు:
ఇది బాగుంది. సందు మాత్రం కోళ్లు కూర్చునే కర్ర కంటే పైన ఉండాలి, గాలి తలల మీదుగా పోవాలి గానీ ఒంటికి కొట్టకూడదు. కర్ర గుండ్రంగా సన్నగా కాకుండా రెండంగుళాల వెడల్పు రీపరు (చెక్క పట్టీ) వేస్తే కాళ్ల వేళ్లు పొట్ట కింద దాచుకుని కూర్చుంటాయి. రేకు మీద చెరకు సోగ (ఎండిన ఆకు) పరిస్తే చుక్కలు పట్టడం కూడా తగ్గుతుంది. కింద వరి ఊక. వేరుశనగ పొట్టు మన దగ్గర చవకే గానీ, తడిస్తే బూజు పడుతుంది, తడిసింది వెంటనే తీసేయాలి.

పలమనేరు పల్లెటూరోడు:
అమ్మకు చదివి వినిపించాను. "పైన సందు పెడితే అడవిపిల్లి దూరదా?" అంది.

తిరుపతి మిద్దెతోట:
ఆమె అడిగింది సరైన ప్రశ్న. సందుకు అరంగుళం వెల్డెడ్ మెష్ వెయ్యి, పలచటి కోళ్ల వల వద్దు, పిల్లి చించేస్తుంది. మేకులతో కాదు, వాషర్లు వేసి స్క్రూలు బిగించు.