రెప్ప అంటే మూతా, వెంట్రుకా?

పోస్టు:
గ్రూపులో అందరికీ నమస్కారం. మా వదినకి బ్యూటీ పార్లర్ ఉంది. ఈమధ్య కంటి వెంట్రుకల్ని పైకి వంపు తిప్పే ల్యాష్ లిఫ్ట్ కిట్ తెప్పించింది. కాగితం అంతా ఇంగ్లీషులో ఉందని, పనిచేసే అమ్మాయిల కోసం తెలుగులో రాసిపెట్టమని నాకు అప్పగించింది. సామాను జాబితా ఇట్టే అయిపోయింది: వెంట్రుకలకు వంపునిచ్చే సిలికాన్ షీల్డులు, జిగురు, కింది వెంట్రుకల మీద కప్పే జెల్ ప్యాడ్లు, ఒకటో లోషన్, రెండో లోషన్, సన్న బ్రష్షులు, వై ఆకారపు దువ్వెన, ఆఖర్న రాసే సీరం. షీల్డు, ప్యాడ్ లాంటివి పార్లర్లో అందరూ అనే మాటలే కాబట్టి వాటి జోలికి పోలేదు.

చిక్కంతా చేసే విధానం దగ్గర వచ్చింది. నేను రాసింది ఇది: "షీల్డు వెనక జిగురు రాసి రెప్ప మీద అతికించాలి. తర్వాత రెప్పలను షీల్డు మీదికి దువ్వి అతికించాలి. రెప్పలకు ఒకటో లోషన్ రాయాలి." వదిన చదివి వినిపిస్తే కొత్తగా చేరిన అమ్మాయి తన కంటి పైచర్మం మీద వేలు పెట్టి, "ఇక్కడేనా అక్కా రాసేది?" అంది. నా గుండె జారిపోయింది. మొదటి వాక్యంలో రెప్ప అంటే చర్మం, తర్వాతి రెండిట్లో వెంట్రుకలు. రాసేటప్పుడు నాకే తట్టలేదు. వెంట్రుకకు మనకి వేరే మాట లేదా?

వ్యాఖ్య 1:
ఉందమ్మా, పక్ష్మం. సంస్కృతం నుంచి వచ్చింది. ఒత్తయిన రెప్పవెంట్రుకలున్న స్త్రీ పక్ష్మలాక్షి. కాళిదాసు శాకుంతలం మూడో అంకంలో దుష్యంతుడు వాపోయే చోట ఈ మాట ఉంది. పక్ష్మలాక్షి ముఖం ఎలాగో పైకెత్తాను గానీ ముద్దు పెట్టలేకపోయానంటాడు. పైకెత్తడానికి అక్కడ వాడిన మాట 'ఉన్నమితం'. మీ లిఫ్టుకి అదీ సిద్ధంగా ఉంది!

వ్యాఖ్య 2:
మాస్టారూ, బాగుంది గానీ "పక్ష్మాలకు లోషన్ రాయండి" అంటే ఆ అమ్మాయి పక్షులకేమో అనుకుంటుంది.
నాకు తోచింది చెప్తాను. రెప్పపాటు, రెప్ప వాల్చకుండా, కంటికి రెప్పలా... నుడికారంలో ఎక్కడ చూసినా రెప్ప అంటే మూతే. దేవతల్ని అనిమిషులు అంటాం, రెప్పపాటు లేనివాళ్లని. వాళ్లు నలుడి రూపంలో వచ్చి కూర్చుంటే, దమయంతి స్వయంవరంలో అసలు నలుణ్ణి గుర్తుపట్టిన ఆనవాళ్లలో రెప్పపాటు ఒకటి. కాబట్టి రెప్పని మూతకే ఉంచేయండి.

వ్యాఖ్య 3:
అలా ఉంచేస్తే ఎలా అండీ? చిన్నప్పుడు వెంట్రుక ఊడి బుగ్గ మీద పడితే మనమేమన్నాం? "కనురెప్ప ఊడింది, కోరిక కోరుకో" అని చేతి మీద పెట్టుకుని ఊదేవాళ్లం. మూత ఊడిందని ఎవరూ కంగారుపడలేదు కదా! వాడుకలో రెండూ రెప్పే. హిందీ పలక్‌తోనూ ఇదే పేచీ. విడిగా చెప్పాలంటే వాళ్లకి బరౌనీ అనే మాట ఉంది.

వ్యాఖ్య 4:
బెంగళూరు నుంచి. కన్నడంలో రెప్పెగూదలు అంటారు. రెప్పె, కూదలు (వెంట్రుక) కలిసిన మాట. అచ్చం మన రెప్పవెంట్రుక. విడదీయకుండా ఒకే మాటగా రాస్తే సరిపోతుంది.

వ్యాఖ్య 5:
నేను కంటి ఆసుపత్రిలో నర్సుని. భాష సంగతి మీరు తేల్చుకోండి, ఒకటి మాత్రం చెప్పాలి. ఆ ఒకటో లోషన్లో మామూలుగా థయోగ్లైకోలేట్ గానీ సిస్టియామిన్ గానీ ఉంటుంది. జుట్టుని ఉంగరాలు తిప్పే పర్మింగ్‌కి వాడే రకమే. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్లో గంధకం ముడులుంటాయి, వాటిని విప్పుతుంది. వెంట్రుక మెత్తబడి షీల్డు వంపుకి తిరుగుతుంది. రెండోది, ఎక్కువగా హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ సోడియం బ్రోమేట్ గానీ, ఆ ముడుల్ని కొత్త వంపులో మళ్లీ బిగిస్తుంది. ఇవి చర్మానికి అంటితే మంట, కంట్లోకి దిగితే పెద్ద ప్రమాదం. "రెప్పకు" అని రాయకండి, దయచేసి. ముందురోజే చర్మం మీద పరీక్ష చేయాలన్న మాట కాగితం మొదట్లోనే పెట్టండి.
ఇంకోటి, "రెప్ప లిఫ్ట్" అన్నా మా దగ్గర జారిన రెప్పకి చేసే ఆపరేషన్ అనుకుంటారు.

వ్యాఖ్య 2 రాసినవారు:
నర్సమ్మ చెప్పాక నా నుడికారం వాదన వెనక్కి తీసుకుంటున్నా. వాడుకలో రెండర్థాలూ ఉన్నప్పుడు, చదివేవాళ్లు ఏది పట్టుకుంటారో రాసేవాళ్ల చేతిలో ఉండదు.

పోస్టు రాసినవారు:
అందరికీ థాంక్స్. ఇలా తిరగరాశాను: "షీల్డు వెనక జిగురు రాసి పైరెప్ప చర్మం మీద అతికించాలి. రెప్పవెంట్రుకలను షీల్డు మీదికి దువ్వి అతికించాలి. ఒకటో లోషన్ రెప్పవెంట్రుకలకే, చర్మానికి తగలకుండా, మొదలు నుంచి కాస్త ఎడం వదిలి రాయాలి." పక్ష్మాన్ని మా పాపకి పేరుగా దాచుకుంటానంటే మా ఆయన ఒప్పుకోలేదు.

వదిన కాగితం తీసుకుని పెన్నుతో మూడు చోట్ల "రెప్ప" కొట్టేసింది. ఇప్పుడు పార్లర్ గోడ మీద ఉన్నవి రెండే మాటలు: "చర్మం", "వెంట్రుకలు". కొత్తమ్మాయి ఈసారి వేలు ఎక్కడా పెట్టలేదు, నేరుగా దువ్వెన తీసుకుంది.