నాగుల మణులు: ఆగ్నేయాసియాలో అసలు కథ ఏమిటి?

ప్రశ్న (బాటసారి):
మా మేనబావ థాయిలాండ్ నుంచి ఒక ఆకుపచ్చ రాయి తెచ్చాడు. అది నాగరాజు కన్ను అని చెప్పి అమ్మారట. మన నాగమణి వంటి నమ్మకం ఆ ప్రాంతపు జానపద కథల్లో నిజంగా ఉన్నదా, లేక ఇది కేవలం అంగడి మాటేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (పాతకథల పిచ్చి):
నమ్మకం పాతదేనండి. బోర్నియోలోని 4,095 మీటర్ల కినబాలు పర్వతం మీద ఒక మహానాగం మణిని కాపలా కాస్తుండేదని, దానికోసం చైనా చక్రవర్తి పంపిన మనుషుల్లో ఎందరినో ఆ నాగం పొట్టన పెట్టుకుందని బ్రూనై సంప్రదాయ కథ చెబుతుంది. చివరికి ఓంగ్ సమ్ పింగ్ అనే అధికారి గాజుపెట్టెలో కొవ్వొత్తి వెలిగించి మణి ఉన్నచోట పెట్టి, నాగాన్ని ఏమార్చి మణిని చేజిక్కించుకున్నాడు. తోటి అధికారి ఓంగ్ కాంగ్ ఆ ఘనతను తన ఖాతాలో వేసుకోవడంతో, ఓంగ్ సమ్ పింగ్ స్వదేశంలో ఉండక బ్రూనై చేరి, అక్కడి రాజకుటుంబంతో వియ్యమందాడు. నాకైతే ఇందులో మణి మహిమ కన్నా రాజకీయమే ఎక్కువగా కనిపిస్తుంది.

జవాబు (మెకాంగ్ తీరం):
థాయిలాండ్, లావోస్‌లలో మణి కన్నా నాగరాజుకే ప్రాధాన్యం. బౌద్ధ భిక్షువులు వానాకాలంలో ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసే పౌర్ణమినాడు, సాధారణంగా అక్టోబరులో, నాంగ్ ఖాయ్ దగ్గర మెకాంగ్ నదిలోంచి ఎర్రటి అగ్నిగోళాలు పైకి లేస్తాయని, అవి బుద్ధునికి నాగరాజు సమర్పించే నివేదన అని భక్తులు నమ్ముతారు. అవి నదీగర్భంలోని వాయువులని కొందరు, అవతలి ఒడ్డున ఎవరో పేల్చే తూటాలని మరికొందరు వాదిస్తారు. నాగను థాయి ప్రభుత్వం 2022లో జాతీయ పౌరాణిక జీవిగా గుర్తించింది. మీ రాయిని మాత్రం భూతద్దం కింద పెట్టి చూడండి: లోపల గుండ్రటి గాలిబుడగలు కనబడితే అది దాదాపుగా గాజే.

జవాబు (రాళ్లూ రప్పలూ):
పాముల నుంచి కూడా ముత్యాలు పుడతాయని 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో రాశాడు. అయినా ఆ కథలన్నీ మన దగ్గరి నుంచే వెళ్లాయనడం తొందరపాటు, ఎందుకంటే ముత్యాన్ని కాపాడే డ్రాగన్ చైనా సంప్రదాయంలోనూ ఉన్నది. ఇక మలయ్ ప్రాంతంలో గులిగ అనే రాళ్లు నిజంగానే దొరికేవి. కోతులు, ముళ్లపందుల వంటి జంతువుల కడుపులో పొరలుపొరలుగా పేరుకునే ఆ గట్టి ముద్దలను విషానికి విరుగుడని నమ్మి మంచి ధరకు కొనేవారు. పాము తలలో మాత్రం ఏ మణీ పుట్టదు.